రెండు ఆక్సిజన్ సెన్సర్లతో వీ-ట్విన్ ఫ్యూయల్ మ్యాప్ సరిచేసిన కేసు: వెనక సిలిండర్ 18 శాతం ఎందుకు అడిగింది

బండి గాలితో చల్లబడే 1200 సీసీ వీ-ట్విన్, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజన్. ఒక్కో సిలిండర్‌కు పొగ బయటికి పోయే ఒక బెండ్ పైపు, పెట్రోలు కొట్టే ఒక ఇంజెక్టర్, ఒక చిన్న ఆక్సిజన్ సెన్సర్ కంపెనీ నుంచే ఉన్నాయి. నేను సైలెన్సర్లు మార్చాను, ఎక్కువ గాలి లాగే ఎయిర్ ఫిల్టర్ పెట్టాను, ఇంజన్ లోపల ఏదీ ముట్టుకోలేదు. మార్చిన రోజు నుంచే మూడు ఇబ్బందులు మొదలయ్యాయి. 2,200 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య థ్రాటిల్ కొంచెమే తెరిచి నిలకడగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ కుదుపుతుంది, థ్రాటిల్ మూసేస్తే సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు, నెమ్మదిగా నడిపినప్పుడు ఇంజన్ వేడి మామూలు కంటే ఎక్కువ.

చూడగానే లీన్ (గాలికి తగినంత పెట్రోలు పడకపోవడం) అనిపించే లక్షణాలే ఇవన్నీ. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ దగ్గర ఒక పట్టిక ఉంటుంది: ఇన్ని ఆర్‌పీఎం దగ్గర, ఇన్‌టేక్‌లో ఇంత ప్రెషర్ ఉన్నప్పుడు, సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుంది అని. దాన్ని వీఈ టేబుల్ అంటారు, నేను మ్యాప్ అనేదీ దీన్నే. పెట్రోలు ఎంత కొట్టాలో ఈసీయూ ఈ అంకెను బట్టే లెక్కేస్తుంది. ఇప్పుడు గాలి ఎక్కువ వస్తోంది, పట్టికలో మాత్రం పాత అంకెలే ఉన్నాయి, కాబట్టి పెట్రోలు తక్కువ పడుతోంది. ఇంతవరకు నా అంచనా తప్పు కాదు. కానీ అది సగం సంగతే, మిగతా సగం బయటపడటానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాల గురించే ఇది రాస్తున్నాను.

బండిలో ఉన్న సెన్సర్ ఎందుకు సరిపోదు

ఆక్సిజన్ సెన్సర్ కొత్త వస్తువేమీ కాదు, బాష్ తయారు చేసిన లాంబ్డా సెన్సర్ 1976లోనే వోల్వో 240 కార్లలోకి వచ్చింది. ఆ రకాన్ని ఇప్పుడు న్యారోబ్యాండ్ అంటున్నాం. మిక్చర్ లీన్‌గా ఉంటే 0.1 వోల్టు దగ్గర, రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా) ఉంటే 0.9 వోల్టు దగ్గర ఉంటుంది, లాంబ్డా 1 దగ్గర, అంటే గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయే చోట (1 దాటితే లీన్, తగ్గితే రిచ్) మాత్రం ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకుతుంది. అంటే అది 'ఎక్కువ', 'తక్కువ' అని మాత్రమే చెప్పగలదు. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది దాని చేతిలో లేదు. కంపెనీకి అది చాలు, ఎందుకంటే వాళ్లకు క్రూజింగ్‌లో (నిలకడగా పోతున్నప్పుడు) మిక్చర్‌ను లాంబ్డా 1 దగ్గర ఊగిస్తూ ఉంచడమే పని. నాకు కావాల్సింది క్రూజింగ్‌లో 0.96, పూర్తి థ్రాటిల్‌లో 0.87. అక్కడ న్యారోబ్యాండ్ చెప్పేది పనికిరాదు.

వైడ్‌బ్యాండ్ వేరే పద్ధతిలో పని చేస్తుంది. లోపల ఒక చిన్న గది, దానికి ఆక్సిజన్‌ను లోపలికీ బయటికీ తోసే పంప్ సెల్ ఉంటాయి. ఆ గదిలో మిక్చర్‌ను ఎప్పుడూ లాంబ్డా 1 దగ్గర నిలబెట్టడానికి ఎంత కరెంటు పంపాల్సి వచ్చిందో కొలిస్తే అసలు లాంబ్డా ఎంతో తెలుస్తుంది. నేను వాడినవి బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 రకం, ఒక్కో సిలిండర్‌కు ఒకటి. రెండు ఎందుకు, ఒకటి పెట్టి రెండో సిలిండర్‌కూ అదే మ్యాప్ వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. వీ-ట్విన్‌లో రెండు సిలిండర్లూ సమాన దూరంలో మండవు, ఒకే ఇన్‌టేక్ నుంచి గాలిని లాక్కునే తీరు ఒకటి కాదు, వెనక సిలిండర్ ముందుదాని చాటున ఉండి ఇంకాస్త వేడెక్కుతుంది కూడా. ఒకే సెన్సర్‌తో సగటు తీసుకుంటే ఒకటి రిచ్‌గా, ఒకటి లీన్‌గా ఉన్నా అంకె అందంగానే కనిపిస్తుంది.

ఇంకో విషయం కూడా ముందే చెప్పాలి. గేజ్ మీద 14.7 అని కనిపిస్తే అది నిజంగా 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు అని కాదు. సెన్సర్ కొలిచేది లాంబ్డాను, గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు లాంబ్డా 1 అంటే దాదాపు 14.1, 20 శాతం కలిస్తే దాదాపు 13.5. కాబట్టి గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెలు పక్కన పెట్టి మొత్తం లాంబ్డాలోనే పని చేశాను. పెట్రోలు ఏదైనా 0.96 అంటే 0.96 కాబట్టి చాలా గందరగోళం తప్పుతుంది.

బిగించడం

నా పైపులకు కంపెనీ సెన్సర్ బెజ్జం 12 మిల్లీమీటర్లు, వైడ్‌బ్యాండ్‌కు కావాల్సింది 18. అందుకని రెండు బెండ్ పైపుల మీదా కొత్త నట్లు వెల్డింగ్ చేయించాను. సెన్సర్‌ను అడ్డంగా పడుకోబెట్టకూడదు, వైరు ఉన్న వైపు కిందికి ఉండేలా అసలే పెట్టకూడదు. వైరు వైపు అడ్డగీత నుంచి కనీసం 10 డిగ్రీలు పైకి లేచి ఉండాలి, లేకపోతే చల్లని పైపులో చేరిన నీటి చుక్క సెన్సర్ లోపలి వేడి సిరామిక్ మీద పడి అది పగులుతుంది. క్యాటలిస్ట్ (పొగను శుద్ధి చేసే భాగం) ఉంటే దానికి ముందే పెట్టాలి. సిలిండర్‌కు మరీ దగ్గరైతే సెన్సర్ అతిగా వేడెక్కుతుంది, సైలెన్సర్ చివరికి దగ్గరైతే బయటి గాలి చదువుతుంది. దగ్గరలో సిలికాన్ సీలెంట్ వాడితే, సెన్సర్లకు సరిపడే రకం కాకపోతే, సెన్సర్ చెడిపోతుంది. బండి నడుస్తుండగా కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ను పైపులో వదిలేయడం కూడా అంతే, హీటర్ లేకపోతే మసి పట్టి పాడవుతుంది.

ఎర్తింగ్ దగ్గర ఒక పూట పోయింది. సెన్సర్ హీటర్ ఒక ఆంపియర్ పైన లాగుతుంది, సెన్సర్‌ను నడిపే కంట్రోలర్ ఎర్త్ వైరు ఒక చోట, రీడింగులు రాసుకునే లాగర్ ఎర్త్ ఇంకో చోట ఉంటే మధ్యలో చిన్న వోల్టేజ్ తేడా వస్తుంది. నా కంట్రోలర్ 0 నుంచి 5 వోల్టుల్లో గాలి-పెట్రోలు నిష్పత్తిని 10 నుంచి 20 వరకు చూపిస్తుంది, అంటే 0.1 వోల్టు తేడా వచ్చినా 0.2 తప్పు. రెండు ఎర్త్‌లూ ఒకే బోల్టుకు కలిపాక కంట్రోలర్ అంకె, లాగర్ అంకె సరిపోయాయి. పైపులో పెట్టే ముందు రెండు సెన్సర్లనూ ఉత్త గాలిలో వేడి చేసి చూశాను, రెండూ 20.9 శాతం ఆక్సిజన్ చూపించాయి. తర్వాత వచ్చిన తలనొప్పిలో ఈ ఒక్క పరీక్షే నన్ను కాపాడింది, ఎందుకంటే సెన్సర్ మీద అనుమానం పెట్టుకునే పని లేకుండా పోయింది.

ఈసీయూలో కంపెనీ క్లోజ్డ్ లూప్‌ను (సెన్సర్ చూసి పెట్రోలును తనే సరిచేసుకునే పద్ధతిని) ఆపేశాను, అది అప్పటిదాకా నేర్చుకున్న దిద్దుబాట్లు చెరిపేశాను. ఇది చేయకపోతే మనం పట్టికలో 8 శాతం పెంచుతాం, అటు నుంచి ఈసీయూ 8 శాతం కోస్తుంది, ఇద్దరం కొట్లాడుకుంటూ కూర్చుంటాం.

మొదటి రెండు రౌండ్లు

లెక్క సులువైనదే. కొత్త వీఈ అంటే పాత వీఈని కొలిచిన లాంబ్డాతో గుణించి, కావాల్సిన లాంబ్డాతో భాగించడం. 2,500 ఆర్‌పీఎం, 50 కిలోపాస్కల్ గడిలో ముందు సిలిండర్ వీఈ 72 ఉంది, కొలిస్తే 1.05 వచ్చింది, కావాల్సింది 0.96. 72ను 1.05తో గుణించి 0.96తో భాగిస్తే 78.8. అంటే 9 శాతం పెంపు. ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ ఏదైనా లోపల చేసేది ఇదే, వందల గడుల్లో ఒకేసారి చేస్తుంది, అంతే తేడా.

అసలు కష్టం ఏ రీడింగ్‌ను లెక్కలోకి తీసుకోవాలి అన్న దగ్గర ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక చక్రం పూర్తవడానికి 2,500 ఆర్‌పీఎం దగ్గర 48 మిల్లీసెకన్లు, 6,000 దగ్గర 20. కొట్టిన పెట్రోలు మండి, పొగ సెన్సర్ దాకా వచ్చి, సెన్సర్ స్పందించేలోపు ఇంజన్ ఇంకో గడిలోకి వెళ్లిపోయి ఉండొచ్చు. థ్రాటిల్ తిప్పుతూ ఉన్నప్పుడు వచ్చే రీడింగ్ పక్క గడికి అంటుకుంటుంది. అందుకే థ్రాటిల్ అర సెకను పైన కదలకుండా ఉన్నప్పటి రీడింగులే తీసుకోమని ఫిల్టర్ పెట్టాను. సిలిండర్ హెడ్ వేడి 100 డిగ్రీలు దాటాకే, ఎక్సలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే అదనంగా పెట్రోలు కొట్టడం) పని చేయనప్పుడే, థ్రాటిల్ మూసి పెట్రోలు ఆగినప్పటి రీడింగులు పూర్తిగా వదిలేసి. ఒక్కో రౌండ్‌లో ఏ గడీ 10 శాతం మించి మారకూడదని పరిమితి కూడా పెట్టాను. నడిపేటప్పుడు స్క్రీన్ వైపు అసలు చూడలేదు, లాగ్ అయినదంతా ఆగాకే చూశాను.

నిలకడగా గడిలో ఉండటమూ ఒక నేర్పే. ఒకే గేరులో, ఒకే ఆర్‌పీఎం దగ్గర, వెనక బ్రేకు కాస్త నొక్కి లోడు మారుస్తూ ఒక్కో గడినీ పలకరించాలి. కాసేపు చేశాక బ్రేకు చల్లబడే దాకా ఆగాలి, దాన్ని మర్చిపోకూడదు.

మొదటి రౌండ్‌లో ముందు సిలిండర్ ఆ గడిలో 9 శాతం అడిగింది. వెనక సిలిండర్ అదే గడిలో 1.12 చూపించింది, లెక్క ప్రకారం దాదాపు 17 శాతం కావాలి, పరిమితి వల్ల 10 దగ్గర ఆగింది. రెండో రౌండ్‌లో ముందుది 0.96 దగ్గర కుదురుకుంది. వెనకది 1.03 చూపించి ఇంకో 7 శాతం తీసుకుంది. మొత్తం కలిపితే దాదాపు 18. మూడో రౌండ్‌లో రెండు సిలిండర్లూ 0.96. లాగ్ గీతలు చూస్తే ఎంత ముచ్చటగా ఉన్నాయో, కొలిచిన గీత కావాల్సిన గీత మీద పడుకున్నట్టు ఉంది.

బండి మాత్రం బాగోలేదు. ఇదివరకటి కుదుపు కాస్త తగ్గింది, దాని బదులు 2,500 దగ్గర బరువుగా, మొద్దుగా లాగుతోంది. ఆగి ఉన్నప్పుడు వెనక సైలెన్సర్ నుంచి కళ్లు మండే వాసన. ప్లగ్గులు విప్పితే ముందుది లేత గోధుమ రంగులో ఉంది, వెనకది మసితో నల్లగా ఉంది. సెన్సరేమో రెండూ ఒకటే అంటోంది.

18 శాతం

ఇక్కడ సాఫ్ట్‌వేర్ మూసేసి పట్టికల రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. 85 నుంచి 100 కిలోపాస్కల్ వరకు ఉన్న గడుల్లో రెండు సిలిండర్ల మధ్య తేడా 3 శాతం. వీ-ట్విన్‌లో అది మామూలే. 40 నుంచి 60 వరకు ఉన్న గడుల్లో మాత్రం వెనకది బాగా ముందుకు పోయింది, లోడు తగ్గేకొద్దీ తేడా పెరుగుతోంది. నిజంగా గాలి ఎక్కువ తీసుకునే సిలిండర్ అయితే ఎక్కువ లోడులో కూడా ఆ తేడా ఎంతో కొంత కనిపించాలి కదా. తక్కువ లోడులో మాత్రమే గాలి ఎక్కువ అంటే, ఆ గాలి ఇన్‌టేక్ నుంచి రావడం లేదు.

సెన్సర్ పెట్రోలును చూడదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూస్తుంది. ఆ ఆక్సిజన్ సిలిండర్ గుండా వచ్చిందా, దారిలో దూరిందా అన్నది దానికి తెలిసే వీలు లేదు. పైపులో పొగ అలలు అలలుగా పోతుంది, ప్రతి అల వెనకా పైపులో ప్రెషర్ బయటి గాలి కంటే తగ్గే క్షణం ఒకటి ఉంటుంది. సెన్సర్‌కు ముందు సందు ఉంటే ఆ క్షణంలో బయటి గాలి లోపలికి వస్తుంది. లోడు ఎక్కువ ఉన్నప్పుడు పొగ చాలా ఉంటుంది కాబట్టి దూరిన గాలి లెక్కలోకి రాదు, లోడు తక్కువైతే అదే గాలి పెద్ద వాటా అవుతుంది. పట్టికలో నేను చూసిన ఆకారం సరిగ్గా ఇదే.

సందు వెతకడానికి ఇంజన్ చల్లగా ఉండగా వ్యాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు గొట్టాన్ని వెనక సైలెన్సర్ చివరకు గుడ్డతో బిగించి, జాయింట్లన్నిటి మీదా సబ్బు నీళ్లు పోశాను. హెడ్‌కు బెండ్ పైపు కలిసే చోట, కింది వైపు, కంటికి ఆనని చోట బుడగలు. చెవికి వినపడే చప్పుడు లేదు, మసి మరక కూడా లేదు. సైలెన్సర్లు మార్చినప్పుడు బెండ్ పైపు వదులు చేసి మళ్లీ బిగించాను, ఒకసారి నలిగిన పాత గాస్కెట్‌నే ఉంచాను. నలిగిన గాస్కెట్ రెండోసారి అంత గట్టిగా కూర్చోదు.

కొత్త గాస్కెట్ వేశాను. మ్యాప్‌లో ఒక్క అంకె కూడా మార్చకుండా అదే గడిలో నడిపాను. ఈ ఒక్క పని అందరూ చేయాలని నా కోరిక, మరమ్మతు, మ్యాప్ మార్పు రెండూ కలిపి ఒకేసారి చేస్తే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు. వెనక సిలిండర్ 0.88 చూపించింది. అంటే 0.96 అని సెన్సర్ చెప్పినన్నాళ్లూ ఆ సిలిండర్ 0.88 దగ్గర, క్రూజింగ్‌లో, పూర్తి థ్రాటిల్‌కు కొట్టాల్సినంత పెట్రోలు తాగుతోంది. ఆ మసి ఎక్కడిదో అర్థమైంది.

అప్పుడే మొదటి రోజు కుదుపు సంగతి కూడా తేలింది. అదే సందు కంపెనీ న్యారోబ్యాండ్‌ను కూడా మోసం చేసింది. అది 'లీన్' అనడం, ఈసీయూ వెనక సిలిండర్‌కు పెట్రోలు పెంచడం, ముందు సిలిండర్ తనవంతు దిద్దుబాటుతో లాంబ్డా 1 దగ్గర ఊగడం. ఒక ఇంజన్‌లో రెండు సిలిండర్లు రెండు రకాల మిక్చర్‌తో లాగుతుంటే కుదుపు కాక ఏమొస్తుంది. థ్రాటిల్ మూసినప్పటి పేలుళ్లలో ముప్పాతిక భాగం కూడా గాస్కెట్‌తోనే పోయాయి, మండకుండా వచ్చిన పెట్రోలుకు పైపులో తాజా గాలి దొరకడం ఆగిపోయింది కాబట్టి. మిగిలిన కొద్దిపాటిని పెట్రోలు పెంచి అణచలేదు, థ్రాటిల్ మూయగానే పెట్రోలు పూర్తిగా ఆపే సెట్టింగ్‌ను కాస్త ముందుకు జరిపాను. మండడానికి ఏమీ లేకపోతే పేలడానికీ ఉండదు.

వెనక పట్టికలో తక్కువ లోడు గడులన్నీ మొదటి అంకెలకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆ గడి 8 శాతం దగ్గర ఆగింది. ముందుది 9.

ఐడిల్ గడులు చేత్తో

సందు పోయాక కూడా ఐడిల్‌లో (థ్రాటిల్ వదిలేసి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు), 1,000 ఆర్‌పీఎం దగ్గర, రెండు సెన్సర్లూ 1.08 చూపిస్తూ ఊగుతున్నాయి. రెండూ ఒకేలా. ఇది గాస్కెట్ కాదని అప్పుడే అనిపించింది. కొత్త సైలెన్సర్లు పొట్టివి, బాగా తెరిచి ఉన్నవి, తక్కువ ఆర్‌పీఎంలో పొగ నెమ్మదిగా ఉన్నప్పుడు బయటి గాలి చివర నుంచే వెనక్కి పీల్చుకుని సెన్సర్ దాకా వస్తుంది. పరీక్ష తేలికే: 60 సెంటీమీటర్ల పైపు ముక్కలు రెండు సైలెన్సర్ల చివర తగిలించాను. రీడింగ్ 0.91కి దిగి నిలబడింది. ముక్కలు తీస్తే మళ్లీ 1.08.

ఈ గడులను ఆటోట్యూన్ ముట్టుకోకుండా తాళం వేశాను. 1,500 ఆర్‌పీఎం లోపు, 45 కిలోపాస్కల్ లోపు మొత్తం. పైపు ముక్కలు పెట్టి ఒకసారి చూసుకుని, తర్వాత చెవితో, వేలితో: పెట్రోలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే ఒక చోట ఐడిల్ పడిపోతుంది, అక్కడి నుంచి మూడు నాలుగు శాతం వెనక్కి. గాలితో చల్లబడే ఇంజన్‌కు ఐడిల్‌లో 0.92 దగ్గర హాయిగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇన్‌టేక్ టెంపరేచర్ సెన్సర్ ఇంజన్ వేడికి తనూ వేడెక్కిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి, గాలి నిజంగా కంటే వేడిగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. 10 డిగ్రీల తేడా అంటే గాలి సాంద్రతలో 3 శాతం పైనే. ఐడిల్ ట్యూన్ చేయడానికి అరగంట ఆగి ఉన్న వేడి బండి సరైన బండి కాదు.

పూర్తి థ్రాటిల్

ఇది మూసిన ట్రాక్ మీద చేశాను. ఇక్కడ ఒక్కటే నియమం పెట్టుకున్నాను, రిచ్ వైపు నుంచి రావాలి. సెన్సర్ ఏం చెబుతుందో చూడకముందే 85 కిలోపాస్కల్ పైన ఉన్న గడులన్నిటికీ రెండు పట్టికల్లోనూ 8 శాతం కలిపాను. మొదటి పరుగులో 0.84, 0.85 వచ్చాయి, అక్కడి నుంచి 0.87కి తగ్గించుకుంటూ వచ్చాను. లీన్‌గా మొదలుపెట్టి 'సెన్సర్ సరిచేస్తుంది లే' అనుకుంటే, అది సరిచేసే లోపు పిస్టన్ మీద ఏం జరుగుతుందో మన చేతిలో ఉండదు. నాక్ (మిక్చర్ అదుపు తప్పి మండితే వచ్చే టకటక చప్పుడు) ఏమైనా వినిపిస్తుందా అని ప్రతి పరుగులోనూ గమనించాను, రాలేదు. మిస్సింగ్ వచ్చిన రీడింగులు పారేశాను, మండని సిలిండర్ తన ఆక్సిజన్ మొత్తం బయటికి పంపేస్తుంది, దాన్ని చూసి సెన్సర్ లీన్ అంటుంది, అక్కడ పెట్రోలు పెంచితే మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది.

ఎక్సలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌ను అన్నిటికన్నా చివర చూశాను. నిలకడ గడులు సరిగా లేనప్పుడు దాన్ని ముట్టుకుంటే పట్టికలోని తప్పును దాచడానికే అది ఖర్చవుతుంది. నాకైతే కంపెనీ అంకెల్లో కొంచెం తగ్గించాల్సి వచ్చింది, అంతే.

పని అయ్యాక వైడ్‌బ్యాండ్ సెన్సర్లు తీసి ఆ బెజ్జాలకు స్క్రూ మూతలు బిగించాను, కంపెనీ సెన్సర్లు వాటి చోట వాటిని ఉంచి, మామూలు క్రూజింగ్ గడుల్లో క్లోజ్డ్ లూప్‌ను మళ్లీ తెరిచాను. అక్కడ 0.96 బదులు లాంబ్డా 1 దగ్గర నడుస్తుంది, నిలకడ ప్రయాణంలో ఇంజన్ అది ఇబ్బంది లేకుండా మోస్తోంది. రుతువు మారినా, పెట్రోలు మారినా అది చూసుకుంటుంది. 2,500 దగ్గర కుదుపు లేదు, హెడ్ వేడి పాత స్థాయికి వచ్చింది, వెనక ప్లగ్ ఇప్పుడు ముందుదాని రంగులోనే ఉంది.

3,000 కిలోమీటర్ల తర్వాత వైడ్‌బ్యాండ్‌లు మళ్లీ పెట్టి, క్లోజ్డ్ లూప్ ఆపి, ఒకసారి లాగ్ తీశాను. తాళం వేసిన ఐడిల్ గడులు వదిలేస్తే, ఎక్కువసార్లు తిరిగిన గడులన్నీ 2 శాతం లోపే ఉన్నాయి. లాగ్ తీసే ముందు మాత్రం వ్యాక్యూమ్ గొట్టం పెట్టి, వెనక గాస్కెట్ మీద సబ్బు నీళ్లు పోసి చూశాను. బుడగ రాలేదు.